పట్టకారు

చైనా మనిషి కప్పును పట్టకారుతో పట్టుకున్నాడు.

చిక్కమునియప్ప చూపు ఆ పట్టకారు మీదే ఆగిపోయింది.

రెండువేల మూడు. బెంగళూరు పీణ్యలో, ప్రెస్‌లతో రేకులు కొట్టే ఫ్యాక్టరీ. చైనా నుంచి ప్రెస్‌లతో పాటు వచ్చిన ఆ మనిషి పేరు చెన్. ఇంజనీరు అనుకునేవారు అందరూ. కొత్త ప్రెస్‌లు నడిస్తే మనుషుల్ని తీసేస్తారని లోపల గుబులు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక చెన్ కాగితం విప్పి నల్లటి బిళ్ల తీశాడు. పిడకంత ఉంది. చాకుతో ఒక ముక్క పెళ్లగించి వేడినీళ్లు పోశాడు.

"ఇరవై ఏండ్లు మాగబెట్టిన టీ అంట. మనందరికీ ఇస్తాడంట," అన్నాడు గుమాస్తా శ్రీకాంత్. చెన్ వచ్చీరాని ఇంగ్లీషు అతనికొక్కడికే అర్థమయ్యేది.

"పాసిపోయిందని చెప్పప్పా ఆయనకు," అన్నాడు ప్రెస్ మీద పనిచేసే నాగరాజు. అందరూ నవ్వారు.

చెన్ మొదటి నీళ్లు కప్పుల మీద పోసి, కింద పారబోశాడు. మళ్లీ టీ పోసి, గ్లౌజు తొడిగిన చేత్తో, పట్టకారుతోనే కప్పు ఎత్తి చిక్కమునియప్ప ముందు పెట్టాడు.

చిక్కమునియప్ప యూనియన్ లీడరు. వాళ్ల ఊళ్లో హోటలువాడు వాళ్ల నాయనకు కొబ్బరిచిప్పలో, ఎత్తు నుంచి టీ పోసేవాడు. కొడుకు ఆ చిప్పను మరిచిపోలేదు.

"ఏమప్పా, మేము తాగే కప్పు ముట్టుకుంటే మైలపడతాడా? గ్లౌజు తీసి చేత్తో ఇమ్మను."

శ్రీకాంత్ చెప్పాడు. చెన్ తల దించుకున్నాడు. గ్లౌజు తీయలేదు.

"చూసినారా? చైనాలో కూడా ఉండారు ఈ నాకొడుకులు."

కప్పు పోయి గోడకు తగిలింది. ప్రెస్‌లన్నీ ఆగాయి. ఆ మనిషి పోతేగాని పని మొదలుకాదన్నాడు చిక్కమునియప్ప. యజమాని మర్నాడే చెన్‌ను విమానం ఎక్కించాడు.

అప్పటిదాకా చెన్ ఒక్కో ప్రెస్‌కూ ఏదో ఇనుప చట్రం బిగిస్తూ వచ్చాడు. అదేమిటని యూనియన్ అడగలేదు. మిగిలినవి యజమాని బిగించలేదు. అతని చేతులు కావు కదా అందులో పెట్టేది.

చెయ్యి లోపల ఉంటే ప్రెస్ దిగకుండా ఆపే గార్డులవి. నాగరాజు వేళ్లు పోయాక తెలిసింది ఆ సంగతి. అతని ప్రెస్‌కు గార్డు లేదు.

"మనల్ని అంటరానోళ్ల మాదిరి చూస్తే ఊరుకోవాల్నా?" అని చిక్కమునియప్ప అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంటూ తిరిగాడు. నాగరాజు ఉండే వీధిలోకి మాత్రం పోయేవాడు కాదు.

కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు శ్రీకాంత్‌తో కలిసి ఇందిరానగర్‌లో నడుస్తుంటే, ఒక అంగడి అద్దంలో అలాంటి నల్లబిళ్లే కనబడింది. చిక్కమునియప్ప తిన్నగా లోపలికి పోయాడు.

కిరణ్మయి అనే అమ్మాయి నీళ్లు కాచింది. మొదటి నీళ్లు కప్పుల మీద పోసి పారబోసింది. పట్టకారు తీసింది.

"ఆగమ్మా. చేత్తో ఎందుకియ్యవు?"

"మీరు నోరు పెట్టే చోట నా చెయ్యి తగలకూడదు కదా సర్. గెస్ట్‌కి రెస్పెక్ట్ అది. చైనావాళ్లు అలాగే ఇస్తారు."

"మరి పారబోస్తివే?"

"ఏళ్ల తరబడి దాచిన టీ సర్, దుమ్ముంటుంది. మంచి టీ మీకివ్వాలని."

చిక్కమునియప్ప తాగాడు. తడిమట్టి వాసన. చేదు. గొంతు దిగాక ఎప్పటికో తీపి తగిలింది.

"ఒక బిళ్ల కట్టమ్మా."

బయటికి వచ్చాక శ్రీకాంత్ అడిగాడు, "ఎవురికన్నా?"

"ఆయప్పకు పంపాల. మర్యాద చేసినోణ్ని తరిమితి. అయినా ఆ గ్లౌజు ఒక్కటి తీసుంటే నేను సుమ్నే ఊరుకుంటా ఉంటి."

"పొయ్యేటప్పుడు గేటు దగ్గర నాకు తీసి చూపించినాడు. జనం టీ తాగేచోట చూపించేది కాదని అప్పుడు తీయలేదంట."

"ఏం చూపించినాడు? ఇన్నాళ్లు నాకు చెప్పలేదేమప్పా?"

"నువ్వు అడగలేదు కదన్నా."

శ్రీకాంత్ తన కుడిచెయ్యి ఎత్తి మూడు వేళ్లు మడిచాడు.

"గ్లౌజులో ఈ మూడిటి చోట దూది ఉండింది; ఆయప్ప ఇంజనీరు కాదన్నా, మన నాగరాజు మాదిరే ప్రెస్ కింద వేళ్లు పోగొట్టుకున్న కూలోడు."