వదలని రిలే

“మీ మీద నమ్మకంతో వచ్చాను శ్రీపతిగారూ. పరీక్షలో రిలే ఇరుక్కుపోయింది,” అంటూ సూర్యనారాయణమూర్తి సంచిలోంచి చిన్న కాగితపు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

శ్రీపతి చెయ్యి పొట్లం దాకా వెళ్లి ఆగింది. విప్పి పట్టుకుంటే తన సరుకేనని ఒప్పుకున్నట్టే. వ్యాపారంలో చేతిలోకి తీసుకున్నదానికే జవాబు చెప్పుకోవాలి. అందుకని పొట్లాన్ని అలాగే ఉంచి, “కూసోండ్రి సార్. సమ్మెల బస్సులు గూడ లేవు, ఎట్ల వచ్చిన్రు?” అన్నాడు.

“స్టేషన్ నుంచి ఆటోలో నారాయణగూడ దాకా. అక్కడ రోడ్డు బంద్. మిగతాది నడక.”

అణువిద్యుత్ ప్లాంటులో రియాక్టర్‌ను ఆపే సామగ్రిని పరీక్షించే ఇంజనీరు, చిక్కడపల్లి సందులో ఉన్న ఈ చిన్న కార్ఖానా వెతుక్కుంటూ నడిచి వచ్చాడంటే పని చిన్నది కాదు. దసరా కాగానే శ్రీపతి ఒక పెట్టెడు రిలేలు ఆ ప్లాంటుకే పంపాడు. కరెంటు ఉన్నంతసేపు పట్టుకొని ఉండటం, పోగానే వదిలెయ్యటం, అంతే వాటి పని. అవి వదిలితేనే కడ్డీలు కిందికి పడి రియాక్టర్ ఆగుతుంది. పట్టుకోవటం ఏ రిలే అయినా చేస్తుంది. దాని విలువంతా వదలటంలోనే ఉంది.

“వదల్లేదా సార్?”

“వదల్లేదు. పక్కవి వదిలాయి కాబట్టి కడ్డీలు పడ్డాయి. అసలే జపాన్‌లో ఆ ప్రమాదం జరిగినప్పటి నుంచి అందరి కళ్లూ మా మీదే. ఇలాంటి టైములో...” మూర్తి గొంతు తగ్గించాడు. “మూత తీసి చూస్తే లోపల ఎర్రటి పొడి. వేలికి అంటించుకుని చూశాను. కుంకుమ.”

ఆ మాటతో శ్రీపతికి దసరా కళ్లకు కట్టింది. బల్ల మీద మూతలు తీసి వరసగా పెట్టిన రిలేలు, పైన తిరుగుతున్న ఫ్యాను, పళ్లెంలో కుంకుమ. ఆయుధ పూజ నాడు మిషన్లకు పెట్టి, అన్నం పెట్టే సరుకుకు పెట్టకపోతే ఎట్లా అనుకుంటూ తానే ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ పోయాడు. ఆ మీదట మూతలు బిగించి పెట్టె కట్టించాడు.

ఇప్పుడు పరువు పోవటం ఖాయం. ఎవరి పేరు మీద పోతే తక్కువ పోతుంది? తన పేరు బయట బోర్డు మీద ఉంది, ప్లాంటు వాళ్ల నోట్లో ఉంది. అది ఒకసారి పోతే మళ్లీ రాదు. అప్పుడే విజయశ్రీ చాయ్ కప్పులు పట్టుకుని మేడ మీది ఇంట్లోంచి దిగి వచ్చింది. భార్య పేరు ఏ బోర్డు మీదా లేదు.

“గిదంత గీమె పనే సార్!” అన్నాడు శ్రీపతి గట్టిగా. “ఏమే, రిలేలకు బొట్లు పెట్టినవా? పండుగొస్తే సాలు, కనవడ్డదానికల్ల కుంకుమ రాస్తది. నీ భక్తి పాడుగాను, అక్కడ రియాక్టర్ ఆగకపోతే ఎవలు జవాబు చెప్తరు?”

విజయశ్రీ కప్పులు బల్ల మీద పెట్టింది. భర్త ముఖంలోకి చూసింది. దసరా నాడు ఆమె పొద్దున్నే రాంనగర్‌లోని తల్లిగారింటికి పోయి, చీకటి పడ్డాక గానీ రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“అవును సార్,” అంది మెల్లగా. “నాకు తెల్వక పెట్టిన. తప్పయింది. ఆయనను ఏమనకుండ్రి.”

“అయ్యో, మీరెందుకమ్మా...” అని మూర్తి నీళ్లు నమిలాడు.

శ్రీపతి లెక్క కుదిరింది. పేరు నిలబడింది. పెట్టె వాపసు తెప్పించుకుంటే సరి. చాయ్ కప్పు అందుకుంటూ గోడ వైపు చూశాడు. విజయశ్రీ పైకి పోకుండా, చెయ్యని తప్పుకు తలవంచుకుని గోడ పక్కనే నిలబడి ఉంది. తూకంలో ఎవరినీ మోసం చెయ్యలేదని ఊరంతా చెప్పుకు తిరిగే తాను, ఇంటి మనిషిని పరాయివాడి ముందు తక్కువ తూచేశాడు. కప్పు కింద పెట్టి లేచాడు.

“గామె కాదు సార్.”

మూర్తి తలెత్తాడు.

“దసరా నాడు గామె ఇంట్లనే లేదు. నేనే పెట్టిన. పెట్టెల ఉన్నయన్నిటికీ పెట్టిన, ఒక్కటి గూడ ఇడ్వలే. ఇజ్జత్ పోతదని గామె మీద ఏసిన. మా పేరు కొట్టెయ్యిండ్రి, పర్వాలేదు. గా రిలేలు మాత్రం ఒక్కటి గూడ బిగించకుండ్రి.”

“మీ నోట్లకెల్లి నిజం రానీకి గింతసేపు పట్టె,” అంది విజయశ్రీ, ఎటో చూస్తూ.

మూర్తి ముఖం పాలిపోయింది. పొట్లం తనవైపు లాక్కుని విప్పాడు. లోపల ఉన్నది శ్రీపతి చేసిన రిలే కాదు. ఏనాటిదో పాతది, వేరే కంపెనీది.

“మీ పెట్టె సమ్మెలో ఎక్కడ ఆగిందో, ఇంకా మాకు చేరనే లేదు శ్రీపతిగారూ,” అన్నాడు మూర్తి, ఎవరి ముఖమూ చూడకుండా. “దసరాకు మా గదిలో ఉన్న రిలేలన్నిటికీ నేనే బొట్టు పెట్టాను. బొట్టు లేనివి మీ దగ్గరైనా ఉంటాయని పరుగెత్తుకొచ్చాను.”