వెనకాల అడుగులు

మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో జెండాలు వెతుకుతూ పరుగెత్తే పోటీ అది. కొన్ని నిమిషాల తేడాతో ఒక్కొక్కరే బయలుదేరాలి. ఇంకొకరి వెంట పడకూడదు.

మూడో జెండా దాటేసరికి ఆ అమ్మాయికి వెనక ఎండుటాకుల చప్పుడు వినిపించింది. ప్రతి జెండా దగ్గరా కాస్త ఆగి, మళ్లీ మొదలవుతోంది.

ఒళ్లు మండిపోయింది. దారి కోసం బుర్ర బద్దలు కొట్టుకునేది తను, తేరగా వెనకాలే వచ్చేది ఇంకొకరూనా? జూనియర్ జట్టులో మిగిలింది ఒక్క చోటే. బండరాయి చాటున నక్కి, ఆ అడుగులు దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టింది. తర్వాత ఎంత పరుగెత్తినా పోయిన సమయం తిరిగి రాలేదు. రెండో స్థానం.

"ఎవరో నా వెంట పడ్డారు మేడమ్. వదిలించుకోడానికి దాక్కున్నాను," అంది కోచ్‌తో, ఏడుపు ఆపుకుంటూ.

కోచ్ తెల్లబోయింది. "నీ వెనకాల ఎవరుంటారే? ర్యాంకులో మొదటిదానివనేగా నిన్ను అందరికంటే ఆఖర్న పంపింది, మర్చిపోయావా? మిగతావాళ్లంతా నీకంటే ముందే వచ్చేశారు!"

అప్పుడే చెట్ల మధ్య నుంచి ఒక పెద్దావిడ గోనెసంచి మోసుకుంటూ వచ్చింది. సంచి నిండా జెండాలు.

"మధ్యలో ఎటు పోయావు తల్లీ? నువ్వు దాటాక జెండాలు తీసుకురావడమేగా నా పని. కనబడకపోయేసరికి హడలిపోయి, మళ్లీ వెనక్కెళ్లి వెతికాను. అంత అడవిలోనూ మిగిలింది మనిద్దరమేగా!"