నలభై నాలుగో నంబరు చొక్కా

“లేవకు, లేవకు,” అంటూ కోచ్ హాలిస్ వంటింట్లోకి వచ్చి పీకన్ గింజల తీపి రొట్టె ఉన్న డబ్బా బల్ల మీద పెట్టాడు. “ఇంటి ముందు ఆ ఏటవాలు చెక్క ఏంట్రా? ఎనభై మూడేళ్లవాణ్ని. మెట్లు కట్టించుకోలేవూ?”

“నాకదే అలవాటు కోచ్,” అన్నాడు డ్యూయీ. “కప్పులు కింది అరలో ఉన్నాయి, కాఫీ పోసుకోండి. రొట్టెలో ఒక ముక్క లోర్నాకి ఉంచుతాను.”

“ఆవిణ్ని కాలేజీ ఇంకా పంపుతోందా?”

“రోజూ ఏడింటికల్లా. ఆవిడ రాకపోతే నాకు తెల్లారదు.”

కోచ్ మూలుగుతూ వంగి కప్పు తీసుకున్నాడు.

“శనివారం స్టేడియం ముందు నా విగ్రహం పెడతారట. రెండు వందల గెలుపులుంటేనే పెట్టాలని రూలు. మన కాలేజీ పుస్తకంలో రెండు వందలున్నాయి. కాలేజీ ఆటల జాతీయ సంఘం పుస్తకంలో ఒకటి తక్కువ.”

“నా ఆటేనా?”

“నీదే.”

నలభై ఒక్క ఏళ్ల కిందట కాల్డర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఏటి అవతలి కాలేజీని ఓడించింది. బోటనీలో ఫెయిలై ఆడే అర్హత పోయిన డ్యూయీ ఆడాడని తేలాక, సంఘం ఆ గెలుపు లాక్కుని అవతలివాళ్లకిచ్చింది. ముష్టి గెలుపు మాకొద్దని వాళ్లు తమ పుస్తకంలో ఓటమిగానే ఉంచుకున్నారు. గెలిచినవాళ్లు ఓడిపోయారు, ఓడినవాళ్లు గెలవలేదు.

ఊరు మాత్రం తడబడలేదు. తప్పు డ్యూయీదని తేల్చేసింది. అప్పట్నుంచి హోటల్లో అతనికి చల్లారిన కాఫీయే పోస్తున్నారు. చర్చిలో పొలాల్లో ఎలుకల కోసం కూడా ప్రార్థిస్తారు గానీ అతని పేరెత్తరు. ఊరి కుక్కలు అతన్ని చూస్తే ఆ ఆటలో మన స్కోరు ఎంతో అన్నిసార్లే మొరిగి ఆగుతాయి.

“ఫెయిలయ్యానని మీకు ముందే చెప్పాను కదా కోచ్.”

“చెప్పావు. నిన్ను జట్టులోకి తీసుకున్నది పూలమొక్కలు పెంచడానికి కాదుగా.” కోచ్ జేబులోంచి కాగితం తీశాడు. “ఇక్కడ సంతకం పెట్టు. ఆ రోజు నీ నలభై నాలుగో నంబరు చొక్కా వేసుకుని ఆడింది మన జట్టులోని రస్సెల్ అని రాశాను.”

“రస్సెల్ పోయాడుగా?”

“అందుకే. కాదనడు.”

“అయితే నేను మైదానంలోకే దిగలేదా?”

“దిగలేదు. హాస్టల్లో కూచుని మొక్కల పుస్తకం చదువుకుంటున్నావు. నువ్వు ఆడకపోతే గెలుపు పోదు. గెలుపు పోకపోతే నీ తప్పేముంది? ఆదివారం నుంచి నీకు పొగలు కక్కే కాఫీ రా.”

“చర్చిలో నా పేరు చదువుతారా?”

“నేనే చదివిస్తాను. ఎలుకల కంటే ముందు.”

డ్యూయీ సంతకం పెట్టాడు. నవ్వాడు కూడా. అలవాటు తప్పిన నవ్వు కదా, ముఖంలో కాసేపు దారి వెతుక్కుంది.

కోచ్ సిరా ఊది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అన్నట్టు, రేపట్నుంచి లోర్నా రాదు.”

“ఎందుకని?”

“ఆడనివాడి ఇంటికి కాలేజీ మనిషిని ఎందుకు పంపుతుంది రా?” అంటూ కోచ్ ఏటవాలు చెక్క మీద జాగ్రత్తగా దిగాడు. “శనివారం ఆ డబ్బా కడిగి తెచ్చివ్వు. మా ఆవిడ అడుగుతుంది.”

ఆ ఆటలో నడుం విరిగినప్పట్నుంచి డ్యూయీ లేచి నిలబడింది లేదు.