చల్లారిన కుప్ప

పెంటమ్మ పెరట్లో ఎరువు కుప్ప చచ్చిపోయిందని పక్కింటి తుల్సీబాయి బోరింగు కాడ అన్నదట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి బచ్చన్నపేట సమ్మె శిబిరంలో ఉన్న ప్రదీప్ చెవికి చేరింది. కలం పట్టినోళ్లయినా పార పట్టినోళ్లయినా తెలంగాణ వచ్చేదాకా పని ముట్టొద్దని పన్నెండు రోజులుగా చెబుతున్నవాడు, ఆ మాట సగంలోనే ఆపి, మైకును పక్కనున్న సోమనర్సయ్యకిచ్చి బండెక్కాడు.

ప్రదీప్ వ్యవసాయ ప్రయోగశాలలో ఉద్యోగి. బర్రె పేడ కుప్ప వేడెక్కేకొద్దీ అందులో ఏ క్రిములు పోతాయో, ఏవి వస్తాయో రెండేళ్లుగా లెక్క తీస్తున్నాడు. పెంటమ్మ కుప్పలోంచి ఇంక ఒక్క నమూనా తీస్తే పని పూర్తవుతుంది.

వస్తూనే గడ్డపారను కుప్ప నడుముకు దించి, కాసేపాగి లాగాడు. సమ్మెకు ముందైతే పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఇప్పుడు చల్లగా, మురుగు కంపుతో వచ్చింది.

"ఏందక్కా గిది?"

"నన్నడుగుతవేంది సారు, నీ పురుగులనడుగు" అంది పెంటమ్మ, గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఒలుస్తూ.

"అడుగుదామంటే ఉంటె కద. మొదలు మామూలు క్రిములు పేడను తిని వేడి పుట్టిస్తయ్. ఆ వేడికి అవి ఆగలేక పోతయ్, వేడిని ఓర్సుకునేటివి వస్తయ్. గవే నాకు కావాలె. లోపలికి గాలి పోకుంటే గవి బతుకయ్. రెండేండ్ల కష్టం మట్టిల కలిసె."

"అయ్యో" అంది పెంటమ్మ. ఇంకో కాయ తీసుకుంది.

బండికి వేలాడుతున్న సంచిలో నమూనా సీసాలు గలగలమన్నాయి. ఆమె అటు చూసింది.

"సమ్మెల ఉండి సీసాలెందుకు సారు?"

"గిది వేరే అక్కా. మనం సమ్మె చేసినా క్రిములు చెయ్యవు కద. వాటి పని వాటిదే."

"గట్లనా."

"మూడు దినాలకోసారి కుప్ప తిరగెయ్యాలెనని ఎన్నిసార్లు చెప్పిన? రోజూ శిబిరానికొచ్చి ముందలనే కూసుంటివి. తిరగేస్తలేనని ఒక్క మాటన్న చెప్పకపోతివి. ఆఖరుకు ఎన్నడు తిరగేసినవ్?"

పెంటమ్మ చేటలోని తొక్కలు దులిపి చేట కింద పెట్టింది.

"సమ్మె ముందటి రోజు. క్రిములకు సమ్మె లేదు కావచ్చు సారు, పార పట్టినదానికి ఉన్నది."