ఇంటికొకటి, బండికొకటి, ఒంటికొకటి

సంచులావిడ వచ్చీ రాగానే రెండు పెద్ద సంచులను కటింగ్ బల్ల మీద పెట్టేసింది. సూపర్‌వైజరుకు ఒళ్లు మండింది.

బల్ల మీద నూరు చొక్కాల గుడ్డ పరిచి ఉంది మరి.

“మీకు అరగంటే. తనిఖీవాళ్లకు చూపించడానికి నాలుగు ఫొటోలు తీసుకుంటాం, చాలు,” అంది సూపర్‌వైజరు.

“ఫొటోల సంగతి మీరు చూసుకోండి. అరగంట సంగతి నేను చూసుకుంటా.”

ఆవిడ అరవై దాటిన మనిషి. ఆపద వస్తే చేతపట్టుకుని బయటపడేందుకు సంచులు ఎలా సర్దుకోవాలో నేర్పమని ఒక శిక్షణ సంస్థ పంపింది. కుట్టు మిషన్లు ఆగాయి. రెండో అంతస్తులో పనిచేసే అరవై రెండు మంది ఆడవాళ్లూ చుట్టూ చేరారు.

“ఇంటికొకటి, బండికొకటి, ఒంటికొకటి,” అంటూ ఆవిడ మొదటి సంచి విప్పింది. కాగితాల నకళ్లు, వారానికి సరిపడా మందులు, నీళ్లు, టార్చి. “సర్దాక ఎత్తి చూసుకోండి. ఎత్తలేకపోతే అది సంచి కాదు, సామాను.”

“మాకు బండ్లెక్కడివమ్మా?” అంది కాజాలు కుట్టే అమ్మాయి. అందరూ నవ్వారు.

“రోజూ కంపెనీ వ్యానెక్కి వస్తున్నావుగా, అది నీ బండి కాదా? రెండో సంచి దాని సీటు కింద ఉండాలి. డ్రైవరుతో చెప్పాను. పెట్టేదాకా అతన్ని వదలకండి.”

తర్వాత గుడ్డపీలికలతో తనే కుట్టుకొచ్చిన చిన్న సంచులు అందరికీ పంచింది. నడుముకు కట్టుకునేవి. ఒక్కోదాంట్లో ఈల, వేలెడంత టార్చి, ముక్కుకు కట్టుకునే గుడ్డ, పేరూ రక్తం గ్రూపూ రాసుకోవడానికి ఒక చీటీ ఉన్నాయి.

“ఇవి కుదరవు. పనిచేసేచోటికి సంచులు రానివ్వం. సరుకు మాయమవుతుంది,” అంది సూపర్‌వైజరు.

“ఇందులో చొక్కా కాదుగదా, కాలరు కూడా పట్టదు. కుక్కి చూడండి.”

కాజాల అమ్మాయి ఒక కాలరు తెచ్చి కుక్కింది. పట్టలేదు. మళ్లీ నవ్వులు. సూపర్‌వైజరుకు తల కొట్టేసినట్టయింది.

“సరే, కట్టుకున్నారు,” అంది ఆవిడ ఆడవాళ్లతో. “ పొగ వచ్చిందనుకోండి. ముందువైపు మెట్లు పొగతో నిండిపోయాయి. ఎటు వెళ్తారు?”

అరవై రెండు తలలు వెనక తలుపు వైపు తిరిగాయి. అట్టపెట్టెలు దాన్ని సగం కప్పేశాయి. పెట్టెల సందులోంచి తాళంకప్ప కనిపిస్తోంది.

“తీయండి,” అంది ఆవిడ.

“తీస్తే సరుకంతా ఆ దారినే పోతుంది. తాళంచెవి నా దగ్గర భద్రంగా ఉంది. అవసరమైతే నేనే తీస్తాను. నేనెక్కడికి పోతాను?”

ఆవిడ పెట్టెలు పక్కకు నెట్టి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

“సంచి సర్దుకునేది వెళ్లడానికమ్మా. దారే లేనప్పుడు ఇవన్నీ సర్దుకోమని చెప్పి వీళ్లను మోసం చెయ్యలేను. తాళం తీసేదాకా లేవను.”

“సెక్యూరిటీని పిలుస్తాను.”

“ఇద్దర్ని పిలవండి. బరువుంటాను.”

కాజాల అమ్మాయి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. ఇస్త్రీ చేసే పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూలబడింది. ఐదు నిమిషాల్లో మిషన్ల దగ్గర ఒక్కరూ లేరు.

సూపర్‌వైజరు అరిచింది, బతిమాలింది, ఉద్యోగాలు ఊడతాయని బెదిరించింది. ఎవరూ చెవిన వేసుకోలేదు.

ముప్పావుగంటకు మేనేజరు ఫోనులో విసుక్కున్నాడు. “తీసి పంపించెయ్. ఆవిడ గేటు దాటగానే మళ్లీ వేసెయ్.”

సూపర్‌వైజరు తాళం తీసింది. ఆవిడ లేచి, ఆ తాళంకప్పను తన సంచిలో పడేసుకుంది.

“అది కంపెనీది. దొంగతనమవుతుంది.”

“పోలీసులకు చెప్పండి. ఏ తలుపుదో కూడా చెప్పండి.”

ఆ తలుపు గుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రమే సూపర్‌వైజరు పళ్లు నూరుకుంటూ శిక్షణ సంస్థకు ఫిర్యాదు రాసింది. ఇంత పొగరున్న మనిషిని ఇంకెక్కడికీ పంపొద్దంది. కొత్త తాళం కోసం స్టోర్సుకు చీటీ కూడా పెట్టింది. వారం పడుతుందన్నారు. నడుము సంచులు విప్పమంటే ఒక్కరూ విప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కింది అంతస్తులో వైర్లు అంటుకున్నాయి. చూస్తుండగానే ముందు మెట్లు పొగతో నిండిపోయాయి.

సూపర్‌వైజరుకు ఏమీ కనిపించలేదు. ఎక్కడో ఈల వినిపించింది. ఆ ఈల వైపే పాకింది. తలుపు తగిలింది, తర్వాత మెట్లు, ఆ తర్వాత గాలి.

కింద నిలబడి తలలు లెక్కపెట్టింది. అరవై రెండు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు రోడ్డు మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

పని మళ్లీ మొదలైన రోజే కొత్త తాళం వచ్చింది. సూపర్‌వైజరు దాన్ని తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టింది.

“ఇది మీ బీరువాకు వేసుకోండి సార్. ఆ తలుపుకు మాత్రం నేనుండగా పడదు.”

అటునుంచి అటే శిక్షణ సంస్థకు వెళ్లింది.

“ఆవిడ ఇక్కడ పనిచెయ్యడం లేదండీ. మీ ఫిర్యాదు రాగానే తీసేశాం,” అన్నాడు గుమాస్తా.

“ఇల్లెక్కడ?”

“ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఫోనూ కలవడం లేదు. ఆవిడ దరఖాస్తు ఉంది, చూస్తారా?”

ఇంతకుముందు చేసిన పని అన్నచోట ‘సూపర్‌వైజరు’ అని రాసి ఉంది. పక్కన ఒక కుట్టు కంపెనీ పేరు. కుట్టుపనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పేరే, ఎవరూ పైకి అనరు. అక్కడ మంటలు లేచిన రోజు, తాళం వేసిన వెనక తలుపు దగ్గర పంతొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు.

ఈ ఉద్యోగం ఎందుకు కోరుకుంటున్నారు అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం ఉంది.

“ఆ రోజు ఆ తలుపు తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, నేను బయట టీ తాగుతున్నాను.”