భయం లేదని రాశాను

మా అమ్మాయి సత్యవేణి ఉప్పాడ సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఇంజనీరు. ఆడపిల్ల మర ఎక్కేముందు మీకు భయమా అని ఇంటివాళ్లను అడగాలన్నది ఇప్పుడు అన్నిచోట్లా నియమం. మగవాళ్ల ఇళ్లకు ఆ ప్రశ్న రాదు. ఇంట్లో ఎవరైనా భయపడితే పిల్లను ఎక్కనివ్వరు. మా పిల్లను రెండుసార్లు ఆపేశారు. మూడోసారైతే ఉద్యోగమే ఉండదు.

"తెర అడిగినప్పుడు నోరిప్పకమ్మా. పోయినసారి నీ గొంతు వణికిందనే ఆపేశారు. భయం లేదని రాసెయ్," అంది పొద్దున్న పడవెక్కబోతూ.

"అబద్ధం రాయమంటావేంటే?"

"మరి నువ్వు అంత కష్టపడి చదువు నేర్చుకున్నదెందుకంట?"

మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. కంపెనీవాళ్లు మా ఇంటి గోడకు పెట్టిన తెర వెలిగి, "మీకు భయంగా ఉందా?" అని అడిగింది.

అరవయ్యో ఏట నేర్చిన అక్షరాలు. ఒక్కొక్కటే వెతికి నొక్కాను: "లేదు."

తెరమీద పిల్ల మొదటి మెట్టు ఎక్కింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ తెర ఇంకా వింటూనే ఉంది.