పెంచలయ్య సరిదిద్దిన లైబ్రరీ

"ఇన్ని అద్దాలు ఎవురికోసమప్పా?" అన్నాడు పెంచలయ్య, ప్లాను మీద బొటనవేలు ఆనించి.

తన గీతల మీద మరక పడుతుందేమోనని రామకృష్ణ కాగితాన్ని ఇవతలికి లాక్కున్నాడు.

"చదివేవాళ్ల కోసం" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

రామకృష్ణ మద్రాసులో చదివి వచ్చిన సర్కారు ఇంజనీరు. విదేశీ పత్రికల్లో కొత్త విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల బొమ్మలు చూసి, అలాంటిదొకటి కట్టాలని కలలు కన్నవాడు. అవకాశం కర్నూల్లో దొరికింది. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, సగం ఆఫీసులు గుడారాల్లోనే నడుస్తున్నాయి. తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చింది కనక తమకూ ఒకటి రావాలని, ముందుగా లైబ్రరీ కట్టి చూపిస్తే అది దానంతటదే వస్తుందని ఊరి పెద్దలు నమ్మారు. కమిటీ వేశారు, చందాలు పోగుచేశారు. బళ్లారి రోడ్డు పక్కన స్థలం మాత్రం పెంచలయ్య ఇచ్చాడు. విశ్వవిద్యాలయం వచ్చేదాకా అది తన పేరనే ఉంటుందన్నాడు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

స్థలం ఇచ్చిన మనిషి గనక ప్లాను చూపించక తప్పింది కాదు. అదే రామకృష్ణకు ఒళ్లుమంట. పెంచలయ్య పంట చవగ్గా కొని, ధర పెరిగాక అమ్ముకునే మనిషి. సంతకం పెట్టడానికే చెమటలు కక్కుతాడు. అలాంటివాడికా తాను వెలుతురు గురించి చెప్పవలసింది?

పెంచలయ్య మాత్రం తీరిగ్గా చెప్పుకుపోయాడు. కర్నూలు ఎండ కాగితాన్ని తినేస్తుందన్నాడు. కిటికీలు వద్దు, చూరు కింద చిన్న గవాక్షాలు పెట్టి, ఉడతలు దూరకుండా వాటికి ఇనుప వల బిగించమన్నాడు. నేల బేతంచెర్ల బండలతో పరవాలి, కింద గట్టిగా దిమ్మిస కొట్టాలి. చెమ్మ ఎక్కకూడదు, చెద రాకూడదు. ముందు మెట్లేమిటి, గుడి కడుతున్నావా అని అడిగాడు. పుస్తకాలు లారీల్లో కదా వచ్చేది, అరుగు లారీ ఎత్తుకు ఉండాలన్నాడు.

"నడిమధ్య ఈ గోడలేంది?"

"అవి చదువుకునే గదులు."

"తీసెయ్. నడుమ అడ్డం ఉండకూడదప్పా. ఈ పొద్దు ఒక మాదిరి పెట్టుకుంటారు, రేపు ఇంకో మాదిరి. పేర్చేకొద్దీ చోటు కావాల."

నవ్వబోయిన రామకృష్ణ ఆగిపోయాడు. ఆ మాట అతను చదివిన పత్రికల్లోదే. కొత్త గ్రంథాలయానికి లోపల గోడలు ఉండకూడదని, హాలు ఎప్పుడు ఎలా కావాలంటే అలా మార్చుకునేలా ఉండాలని పెద్ద పెద్ద వాస్తుశిల్పులు రాస్తున్నారు. ఈ మొద్దు మనిషి నోటికి అది ఎలా వచ్చింది?

ఆ రోజు నుంచి అతని చిన్నచూపు కాస్తా భక్తిగా మారింది. అద్దాలు పోయాయి, మెట్లు పోయాయి, గోడలు పోయాయి. పెంచలయ్య రోజూ గొడుగు వేసుకుని వచ్చి పని చూసేవాడు. తలుపు ఇంకో మూర వెడల్పు చేయమంటే రామకృష్ణ చేయించాడు.

అడ్డుపడింది జ్ఞానమణి ఒక్కతే. లైబ్రేరియన్ ఉద్యోగం ఇస్తామంటే కడప మిషన్ బడిలో పని మానుకుని వచ్చిందామె. పూర్తికావచ్చిన హాలు మధ్యలో నిలబడి, నాలుగు వైపులా చూసి, "సార్, చదివేవాళ్లు యాడ కూర్చుంటారు?" అని అడిగింది.

"దీపాలు పెట్టిస్తాం" అన్నాడు రామకృష్ణ.

"పగలు కూడానా?"

బడిపంతులమ్మకు కట్టడాల సంగతి ఏం తెలుస్తుందనుకుని అతను మేస్త్రీల దగ్గరికి నడిచాడు. గుమ్మం బయట గొడుగు కింద పెంచలయ్య నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

యాభై ఆరు వేసవిలో ప్రారంభోత్సవం జరిగింది. పుస్తకాలకు డబ్బు ఇంకా మంజూరు కాలేదు గానీ భవనం చూడ్డానికే జనం వచ్చారు. రామకృష్ణ వేదిక మీద నిలబడి, గ్రంథాలయం ఎలా ఉండాలో తాను మద్రాసులో సగమే నేర్చుకున్నానని, మిగతా సగం పెంచలయ్యగారు నేర్పారని చెప్పాడు. చప్పట్లు మోగాయి. పెంచలయ్య సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాడు.

నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలింది. గుడారాలు లేచిపోయాయి. ఆఫీసుతో పాటు రామకృష్ణా వెళ్లిపోయాడు. కొత్త ఊళ్లో ఎవరు కలిసినా బళ్లారి రోడ్డు లైబ్రరీ గురించే చెప్పేవాడు.

సంక్రాంతి ఇంకా రాకముందే బేతంచెర్లలో ఏదో పని పడింది. దారిలో ఆగి తన లైబ్రరీ చూసుకుందామని వెళ్లాడు. దూరం నుంచే గుండె నిండిపోయింది. అరుగుకు ఆనుకుని లారీ నిలబడి ఉంది. లారీ అడుగూ అరుగూ ఒక్క మట్టానికి కలిశాయి. కూలీలు వంగకుండా, ఎక్కకుండా, దిగకుండా బరువులు నేరుగా లోపలికి మోసుకుపోతున్నారు. విశాలమైన తలుపులో ఇద్దరు ఎదురుపడినా ఒకరికొకరు తగలడం లేదు.

పుస్తకాలు వచ్చేశాయన్న మాట. గోనెసంచుల్లో కట్టి పంపిన ప్రచురణకర్తల మోటుతనానికి మాత్రం అతను నొచ్చుకున్నాడు.

అరుగు మీద గొడుగు కింద పెంచలయ్య ఉన్నాడు.

"రా అప్పా. నీ పని శానా బాగుండాది. ఒక్క చుక్క చెమ్మ లేదు."

రామకృష్ణ పొంగిపోయి, జ్ఞానమణి ఏదని అడిగాడు.

"ఆయమ్మ కడపకు పోయింది. ఈడ ఆమెకు పనేముండాది?"

"మరి ఇవన్నీ ఎవరు సర్దుతారు?"

పెంచలయ్య అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, కూలీల వైపు తిరిగాడు.

సంచుల్లో ఉన్నవి వేరుశనక్కాయలు.